పుంటికూర మడి కోసం ఒక అర్జీ

బహ్రెయిన్ వెళ్ళొచ్చానని తెలిసినవాళ్ళందరూ నన్ను అడిగింది ఒకటే మాట: "దుబాయి ఎట్లున్నది మేడం?" మొదట్లో నలుగురైదుగురికి ఓపిగ్గా చెప్పాను, నేను వెళ్ళింది దుబాయి కాదు, అది వేరే దేశం, చిన్న ద్వీపం అని. "గదే మేడం, దుబాయే గదా" అన్నారు. మా జగిత్యాల వైపు సముద్రం అవతలి ఎడారి అంతా దుబాయే. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని, ఇక భూగోళం మీద కూడా తగాదా పెట్టుకునే ఓపిక లేదు. ఇప్పుడు నేనూ దుబాయి అనే అంటున్నాను.

పిలిచింది రూతు. నా పాత విద్యార్థిని. అక్కడి రాజధానిలో సీఫ్ అనే పేటలో పెద్ద మాల్‌లోని బట్టల దుకాణంలో పనిచేస్తుంది. "మేడం, మీరు పాఠంల చెప్పిన సముద్రాలన్నీ బోర్డు మీదనే చూసిండ్రు. ఒక్కసారి నిజంది చూడుండ్రి" అని రెండేళ్ళుగా ఫోన్లో పోరుతోంది. ఆ మాట నిజమే కాబట్టి కోపం కూడా వచ్చింది. పది రోజులకని బయలుదేరాను.

పెట్టెలో చీరలతోపాటు ఒక పాఠం కూడా పెట్టుకున్నాను. చాలా ఏళ్ళ కిందట దూరవిద్య విద్యార్థుల కోసం రాసింది. బానిసత్వం రద్దయ్యాక జమైకాలో నల్లవాళ్ళు చేసిన తిరుగుబాటు, దాని కారణాలు. పదకొండు పేజీలు. కొత్త ముద్రణకు సవరించి ఇమ్మన్నారు. సముద్రపు గాలిలో కూర్చుని తీరిగ్గా సవరిద్దామనుకున్నాను. చెరుకు తోటలో నిలబడి ఎరగనిదాన్ని, జమైకా మనిషిని చూసి ఎరగనిదాన్ని, ఆ పాఠం రాసినప్పుడు ఎంత ధీమాగా రాశానో ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

అద్లియా

రూతు, ఆమె భర్త అద్లియా అనే పేటలో ఉంటారు. సందు సందుకీ హోటళ్ళు, కాఫీ కొట్లు, గోడల మీద రంగుల బొమ్మలు. రూతు భర్త అక్కడే ఒక హోటల్లో వంట చేస్తాడు. పొద్దున వెళితే మళ్ళీ మనం పడుకున్నాకే వస్తాడు. పది రోజుల్లో ఆయన్ని నేను సరిగ్గా చూసింది మూడుసార్లు.

మొదటి రోజే పరువు పోయింది. కొట్లో చిన్న ఖర్జూరం పొట్లం మీద 1.250 అని ఉంది. అక్కడి దీనారుకు వెయ్యి ఫిల్సులట, అందుకే చుక్క తర్వాత మూడు అంకెలు. నాకేం తెలుసు? పన్నెండు వందల యాభై అనుకుని "ఇంతా? బంగారం పూతేమైనా పూశారా?" అని గట్టిగా అనేశాను. పక్కనున్న ఇద్దరు మలయాళీ అమ్మాయిలు నవ్వు ఆపుకోలేకపోయారు. రూతు నా చెయ్యి పట్టుకుని బయటకు లాక్కొచ్చింది.

టీ తాగే పద్ధతి మాత్రం నాకు నచ్చలేదు. కారు టీకొట్టు ముందు ఆపి హారన్ కొడితే మనిషి పరుగున వచ్చి, కిటికీలోంచి ఏలకుల టీ అందించి వెళ్తాడు. ఎవరూ దిగరు. మా ఊళ్ళో టీకొట్టు అంటే నిలబడి నలుగురితో నాలుగు మాటలు మాట్లాడే చోటు. ఇక్కడ ఎవరి టీ వాళ్ళ కారులో తాగుతారు. టీ మాత్రం అమృతం, అది ఒప్పుకోవాలి.

అద్లియాలోనే ఒక కొట్లో గాజు సీసాల నిండా ఎండిన ఎర్రటి పూరేకులు కనిపించాయి. కర్కదే అన్నాడు కొట్టతను, మరిగించి చక్కెర వేసుకుని తాగుతారట. ఒకటి నోట్లో వేసుకుంటే పుల్లగా తగిలింది, చిన్నప్పటి నుంచీ తెలిసిన పులుపే. "మేడం, గిది మన ఎర్ర పుంటికూర కాయ మీది తొడిమె" అంది రూతు. గోంగూరను మేం పుంటికూర అంటాం. ఆ తొడిమెలతోనే జమైకాలో పండగ పానీయం చేసుకుంటారని నా పాఠం రాసేటప్పుడు ఎక్కడో చదివాను. అక్కరకు రాదని పాఠంలో పెట్టలేదు.

శుక్రవారం

అక్కడ సెలవు శుక్రవారం. తెలుగు క్రైస్తవులు ఒక అద్దె హాల్లో కూడుకుని ప్రార్థన చేసుకుంటారు. రూతు తీసుకెళ్ళింది. కోనసీమ యాస, కరీంనగర్ యాస ఒకే పాటలో కలిసి వినిపించడం బాగుంది. ప్రార్థన అయ్యాక భోజనం. అన్నం, పప్పుచారు, కోడికూర. ఆ భోజనానికి హాలు వెనక బెంచీల మీద కొందరు హిందూ మగవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు, దూరపు క్యాంపుల నుంచి. ఎవరూ ఏమీ అనరు. వడ్డించేవాళ్ళు వాళ్ళకే ముందు వడ్డిస్తారు.

వాళ్ళలో ఒక పెద్దాయన నా పళ్ళెం పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మేడం జగిత్యాలనా? రూతమ్మ చెప్పింది. నా పేరు లచ్చన్న. మాది గా దిక్కే."

పదమూడేళ్ళుగా అక్కడ ఉన్నాడు. కర్జకాన్ దగ్గర ఒక కంపెనీ క్యాంపులో ఉంటాడు, కట్టడం పని. రెండు మాటలు మాట్లాడాక అసలు సంగతి చెప్పాడు.

"మీరు ఇంగ్లీషు మంచిగ రాస్తరట గదా. మాకొక కాయిదం రాసియ్యాలె మేడం. పెద్దదేం గాదు. పుంటికూర గురించి."

నాకు నవ్వొచ్చింది. పుంటికూర గురించి కాయిదమేమిటని అడిగాను.

"ఒక్కపారి వచ్చి సూడుండ్రి. గప్పుడు తెలుస్తది" అన్నాడు.

కర్జకాన్

ఆ మధ్యాహ్నమే రూతు తన కారులో తీసుకెళ్ళింది. కర్జకాన్ ద్వీపానికి పడమటి వైపున ఉన్న ఊరు. సీఫ్ అద్దాల మేడలు చూసిన కళ్ళకు హాయిగా ఉంటుంది. తక్కువ ఎత్తు ఇళ్ళు, ఈత చెట్లను తలపించే ఖర్జూరపు తోటలు, కొన్ని తోటలు నీళ్ళు లేక ఎండిపోయి మొండాలు మిగిలాయి. రొట్టెల భట్టీ దగ్గర ఆగి వేడి ఖుబ్బూస్ కొన్నాం. వంద ఫిల్సులకే చేతినిండా ఇచ్చాడు. ఖర్జూరం మీద పోయిన నా పరువు అక్కడ కొంచెం తిరిగొచ్చింది.

క్యాంపు ఊరికి కాస్త దూరం. గదికి ఎనిమిది మంది, మంచం మీద మంచం. దాని వెనక ప్రహరీ దాటితే ఎవరిదో పాడుబడ్డ ఖర్జూరపు తోట. ఆ తోట మూలన, రెండు మంచాలు వేసేంత చోటులో, పచ్చగా పుంటికూర. దాని పక్కన బచ్చలి తీగ, నాలుగు మిరప మొక్కలు. స్నానం చేసిన నీళ్ళు పైపు పెట్టి మడిలోకి మళ్ళించారు. ఆ ఎడారిలో ఆ ఆకుపచ్చ చూసి నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి.

విత్తనం తెచ్చింది అంజయ్య. నలభై ఐదేళ్ళుంటాయి, సన్నగా, మాట తక్కువ. ధర్మపురి దారిలో ఊరు. సొంతానికి మూడెకరాలుంది, నీళ్ళు లేవు. ఇంకో రెండేళ్ళు ఇక్కడ ఉంటే ఇంటి దగ్గర బోరు వేయించుకోవచ్చని ఆయన లెక్క. ఎనిమిదేళ్ళుగా ఊరి పొలంలో పెట్టాల్సిన చెయ్యి ఎవరి తోటలోనో పెట్టి పుంటికూర పెంచుతున్నాడు.

వచ్చిన చిక్కు ఇదీ. క్యాంపు గోడకు నోటీసు అంటించారు. ప్రహరీ దాటి వెళ్ళడం, క్యాంపు నీళ్ళు బయటకు మళ్ళించడం నిషేధం, నెలాఖరులోగా అంతా తీసెయ్యాలి. వీళ్ళు కోరేది కొంచెమే. పూత వచ్చింది, కాయ ముదిరి విత్తనం అయ్యేదాకా ఆగమని. విత్తనం చేతికొస్తే మళ్ళీ ఎక్కడైనా వేసుకుంటారు.

"గింతే మేడం. ఇత్తునం అయ్యేదాంక. గా మాట ఇంగ్లీషుల రాయాలె" అన్నాడు లచ్చన్న.

అంజయ్య తల అడ్డంగా ఊపాడు. "అడుగద్దు లచ్చన్నా. అడిగితె వద్దంటరు. అడుగకుంటె సూసి సూడనట్టు ఉంటరు."

"అడగనిదే అమ్మైనా పెట్టదు అంజయ్యా" అన్నాను నేను. క్లాసులో పిల్లలకు చెప్పినట్టు, అదే గొంతుతో. అంజయ్య వంగి మడిలోకి పైపు సర్దాడు. పెద్దవాళ్ళకు, చదువుకున్నవాళ్ళకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ ఒక్క మాట ఆ రోజు నేను మింగి ఉండాల్సింది.

పద్నాలుగు మంది పేర్లు ఇచ్చారు. ఇచ్చిన తీరు వింతగా ఉంది. చిత్తు కాయితం మీద గిన్నె బోర్లించి గీసినట్టు ఒక గుండ్రం, దాని చుట్టూ తెలుగులో పేర్లు, కొన్ని తలకిందులుగా.

"పేర్లు సుట్టూత రాయాలె మేడం" అన్నాడు లచ్చన్న. "గుండ్రంగ. ఎవ్వలు ముందు, ఎవ్వలు ఎనుక అని తెల్వద్దు. మేం ఏ కాయిదం పెట్టినా గిట్లనే పెడ్తం."

సరేనన్నాను.

నేను రాసింది

శనివారం పొద్దున రూతు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అడిగింది రెండు వాక్యాలు. కానీ నా చేతిలో జమైకా పాఠం ఉంది.

చదవనివాళ్ళ కోసం ఆ సంగతి క్లుప్తంగా చెబుతాను. బానిసత్వం పోయాక ముప్పై ఏళ్ళకు కూడా జమైకాలో నల్లవాళ్ళకు భూమి లేదు. తోటల యజమానులు కొన్ని తోటలు వదిలేసి వెళ్ళిపోయారు, అవి బీడు పడి ఉన్నాయి. వీళ్ళు వాటిలో దుంపలు, కూరలు వేసుకుంటే అక్రమంగా చొరబడ్డారని కేసులు. న్యాయం చెప్పేది ఆ యజమానులే. వానలు లేవు, కూలి తక్కువ, తిండి ధరలు పెరిగాయి. బీడు పడ్డ ప్రభుత్వ భూమి మాకు ఇప్పించమని కొందరు ఇంగ్లండు రాణికి అర్జీ పెట్టుకున్నారు. కష్టపడి కూలి చేసుకోండి, బాగుపడతారు అని జవాబు వచ్చింది. ఆ జవాబును ప్రభుత్వం అచ్చువేయించి ఊరూరా పంచింది. తర్వాత ఒక బీడు తోట మీద చొరబాటు కేసులో జనం కోర్టుకు గుంపుగా వచ్చారు, గొడవైంది, అరెస్టులకు పోలీసులు వచ్చారు. కొన్ని రోజులకు జనం ఊరేగింపుగా కదిలారు, తుపాకులు పేలాయి, అటూ ఇటూ ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత సైన్యం వందలమందిని చంపింది, ఇళ్ళు తగలబెట్టింది.

దీన్ని మన పాఠాల అలవాటు ప్రకారం రాశాను. ఆర్థిక కారణాలు, న్యాయ కారణాలు, తక్షణ కారణం. ఆఖర్న, పరీక్షల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న, తిరుగుబాటు ఎందుకు విఫలమైంది? దానికి మన పాఠ్యపుస్తకాలన్నింటిలో ఉన్న జవాబే రాశాను: సరైన నాయకత్వం లేకపోవడం.

పుంటికూర మడి ఈ పాఠంలోంచి లేచి వచ్చినట్టే అనిపించింది నాకు. అదే బీడు తోట, అదే చొరబాటు. ఇంకేం, వేళ్ళు ఆగలేదు. మడి ఒక్కటే అడిగితే ఏం లాభం, మూలం చెప్పాలి కదా అని, క్యాంపులో విన్నవన్నీ రాశాను. మెస్ తిండి, నీళ్ళ ట్యాంకరు రాని రోజులు, డ్యూటీ అయ్యాక బస్సు కోసం ఎండలో గంటసేపు నిలబడటం, గదికి ఎనిమిది మంది. ఒక్కో కారణానికి ఒక్కో అంకె. మంచి ఇంగ్లీషులో రెండు పేజీలు. విత్తనం అయ్యేదాకా ఆగండి అన్న మాట చిట్టచివర, ఒక పంక్తిలో.

ఇక పేర్లు. ఆ గుండ్రం చూస్తే పిల్లలాటలా అనిపించింది. ఆఫీసువాళ్ళు నవ్వుతారు అనుకున్నాను. ముప్పై ఏళ్ళు హాజరు పట్టికలు రాసిన చెయ్యి. వరుస సంఖ్య, పేరు, గది నంబరు అని మూడు గళ్ళు గీశాను. ఎవరికీ అన్యాయం జరగకూడదని ఇంగ్లీషు అక్షరాల వరుసలో పేర్చాను. A తో మొదలయ్యేది ఒక్కరిదే. 1. అంజయ్య.

సాయంత్రం సంతకాలకు తీసుకెళ్తే లచ్చన్న కాయితం అటూ ఇటూ తిప్పాడు.

"సుట్టు ఏది మేడం?"

"ఇట్లయితేనే చదువుతారు లచ్చన్నా. ఇది అక్షరాల వరుస, ఎవరూ ముందు కాదు."

"మరి గీడ ఒకటి అని ఉన్నది గదా?"

"అది అంకె మాత్రమే" అన్నాను.

ఆయన నా మొహం వైపు చూసి, "మీరు సదువుకున్నోల్లు" అన్నాడు. సంతకం పెట్టి పక్కవాడికి ఇచ్చాడు. అంజయ్య వేలిముద్ర వేశాడు. వాళ్ళకు ఇంగ్లీషు రాదు, రెండు పేజీల్లో ఏముందో నేను పూర్తిగా చదివి వినిపించలేదు. అంతా రాశాను, బాగా రాశాను అని మాత్రం చెప్పాను. తిరిగి వెళ్తూ కారులో ఎంత సంతోషంగా ఉన్నానో రూతును అడగండి, చెబుతుంది.

సీఫ్

అర్జీ ఆదివారమే కంపెనీ ఆఫీసుకు చేరింది. మంగళవారం నేను మాల్‌లో చలికి శాలువా కప్పుకుని తిరుగుతుండగా రూతుకు ఫోను వచ్చింది. లచ్చన్న. అంజయ్యను ఆఫీసుకు పిలిపించారట, వీసా ఖలాస్ అన్నారట, గురువారం విమానం. రూతు ఫోను పెట్టేసి చాలాసేపు నా వైపు చూడలేదు.

"ఒక్క అంజయ్యనేనా?" అని అడిగాను.

"ఒకటో నంబరు అన్నరట మేడం."

 

మర్నాడు ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను, సీఫ్‌లోనే, పదకొండో అంతస్తు. రూతు వద్దంది, అయినా కిందదాకా వచ్చి నిలబడింది. ఆఫీసరు మన దేశం మనిషే, ఏ రాష్ట్రమో అడగలేదు. మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. నా అర్జీ ఆయన బల్ల మీదే ఉంది.

"చాలా బాగా రాశారు మేడం. ఇది మా కూలీలు రాసింది కాదని మొదటి వాక్యంలోనే తెలిసింది" అన్నాడు హిందీలో.

"నేనే రాశాను. వాళ్ళు అడిగింది కూరగాయల మడి ఒక్కటే. మిగతావన్నీ నేను చేర్చినవి."

"కావచ్చు. కానీ పైవాళ్ళు ఇది చదివితే ఏమనుకుంటారు? ఆకుకూర కోసం ఇన్ని కారణాలా? రేపు డ్యూటీ మానేస్తారనుకుంటారు. నన్ను అడిగిందొకటే, నాయకుడు ఎవరు అని. ఒకటో నంబరు చూపించాను."

"అది అక్షరాల వరుస" అన్నాను. "వాళ్ళకు నాయకుడు లేడు."

ఆయన నా అర్జీ మళ్ళీ ఒకసారి తిరగేశాడు. చెడ్డవాడు కాదు, అది నన్ను ఇంకా బాధిస్తుంది.

"అయితే అసలు మనిషి పేరు చెప్పండి. ఇతన్ని ఉంచేస్తాను. నాకు ఒక పేరు కావాలి, అంతే."

"నా పేరు రాసుకోండి."

"మీరు చూసిపోవడానికి వచ్చిన అతిథి. మీ పేరు నాకు పనికిరాదు. అయినా అడుగుతాను, మిమ్మల్ని క్యాంపుకు కారులో తెచ్చింది ఎవరు మేడం?"

రూతు వీసా ఆమె కఫీల్ చేతిలో ఉంది, అంటే ఆమెను పనికి తెచ్చుకున్న యజమాని చేతిలో. ఈ ఆఫీసరు ఆయనకు ఒక్క ఫోను చేస్తే చాలు. లచ్చన్న పేరూ నాలుక చివరిదాకా రాకపోలేదు, అదీ దాచను. రెండూ చెప్పలేదు. కానీ ఇంకోసారి గట్టిగా, బల్ల గుద్ది, అంజయ్య తప్పు లేదని కూడా అనలేదు. టీ చల్లారిపోయింది. నమస్కారం పెట్టి లేచాను.

లిఫ్టులో దిగుతుండగా నా పాఠంలోని ఆఖరి జవాబు గుర్తొచ్చింది, సరైన నాయకత్వం లేకపోవడం. ఎన్ని వందల మంది పిల్లలతో బట్టీ పట్టించాను! నాయకుడు లేకపోవడం వాళ్ళ లోపం కాదు, వాళ్ళు నేర్చుకున్న జాగ్రత్త అని, పేర్లు గుండ్రంగా రాసే మనుషులను చూసి కూడా నాకు తట్టలేదు. పైవాళ్ళకు కారణాలు అక్కర్లేదు, పేరు కావాలి. కారణాలు రాయడమే బతుకుగా బతికినదాన్ని, నేనే వాళ్ళకు పేరు అందించాను.

మళ్ళీ కర్జకాన్

ఆ సాయంత్రం క్యాంపుకు వెళ్ళేసరికి మడి లేదు. క్యాంపు మనుషులే పీకేశారు, తెల్లారి డ్యూటీకి వెళ్ళేముందు, అంజయ్య కూడా కలిసి. పూత మీద ఉన్న మొక్కలు గోడ పక్కన కుప్పగా పడి వాడిపోయాయి.

లచ్చన్న నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నేను పోయి నేనే పెద్దమనిషిని అని చెప్తనన్న మేడం. అంజయ్య ఒప్పలే" అన్నాడు.

అంజయ్య గడప దగ్గర కూర్చుని పెట్టెకు తాడు కడుతున్నాడు. "ఒక్కడు పోతె సాలదా?" అన్నాడు, తల ఎత్తకుండానే.

బయటకు వచ్చేసరికి తోట దగ్గర తెల్లటి పొడవాటి అంగీ వేసుకున్న ముసలాయన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ ఊరి మనిషి, ఆ తోట ఆయనదే. తన చిన్నప్పుడు వాళ్ళ నాన్న బొంబాయితో వ్యాపారం చేసేవాడట, హిందీ మాటలు కొన్ని వచ్చు. పీకేసిన మొక్కల వైపు కర్ర చూపించి, ఎందుకు తీసేశారు అని అడిగాడు. రూతు అంతా చెప్పింది.

"తోట నాది. నేను వద్దన్నానా?" అన్నాడు ముసలాయన. "నన్ను ఎవరూ అడగలేదే. నీళ్ళు లేక నేనే వదిలేశాను. ఇక్కడ పచ్చగా ఉంటే మా ఇంటావిడ చూసి సంతోషపడేది."

రెండు పేజీల అర్జీ రాసినదాన్ని, తోట ఎవరిది అని ఒక్కసారైనా అడగలేదు. అడగాల్సిన మనిషి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాడు. ఆయన మమ్మల్ని ఇంటికి పిలిచి ఖర్జూరం, కాఫీ పెట్టాడు. అంత మంచి ఖర్జూరం నేను మళ్ళీ తినలేదు, కానీ అది కూడా ఒక్కటే తిన్నాను.

ముహర్రఖ్

విమానాశ్రయం ముహర్రఖ్‌లో. గురువారం మధ్యాహ్నం రూతు సెలవు పెట్టి నన్ను తీసుకెళ్ళింది. కంపెనీ వ్యాను అంజయ్యను దింపి వెళ్ళిపోయింది. పెట్టె మీద మార్కరుతో పేరు, ఊరు రాసి ఉన్నాయి. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత ఇంటికి వెళ్తున్న మనిషిలా లేడు, డ్యూటీకి వెళ్తున్నట్టున్నాడు.

దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ ఆయన్ని చూడగానే పోయాయి. "తప్పంతా నాదే అంజయ్యా. నన్ను క్షమించు" అన్నాను. తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనన్న ఆలోచన కూడా రాలేదు, చేతులు జోడించాను.

ఆయన కంగారుగా నా చేతులు దించబోయి, ముట్టుకోకుండా ఆగిపోయాడు. "గట్ల అనద్దు మేడం."

తర్వాత తనే మాట్లాడాడు, ఆ పది రోజుల్లో ఆయన నోట విన్న అన్ని మాటలకంటే ఎక్కువ.

"నేను బడికి పోలే మేడం. మా అన్నలు పోయిండ్రు, నేను గొర్లు గాసిన. గొర్లను బడి ఎనుక మేపుకుంట కిటికిల నుంచి ఇనేటోన్ని, సారు పేర్లు పిలుసుడు. అందరి పేర్లు పిలుస్తుండె. నా పేరు గూడ ఎన్నడన్న పిలుస్తడేమో అని సూసేటోన్ని. పిల్వలే." పెట్టె తాడు సవరించుకున్నాడు. "లచ్చన్న మీ కాయిదం సూపెట్టిండు. మొదలు నా పేరే ఉన్నదట. గది ఇని మంచిగనిపిచ్చింది మేడం. అబద్ధమెందుకు."

పెట్టె మీద రాసిన ఆయన పేరు వైపు చూశాను.

"గని పేరు గప్పుడు పిలిస్తె బాగుండు" అన్నాడు. "ఇప్పుడు పిలిస్తె ఇంటికి పోవుడైంది."

క్యూ కదిలింది. పెట్టె తోసుకుంటూ వెళ్ళిపోయాడు, వెనక్కి చూశాడో లేదో నాకు తెలియదు, నేను రూతు భుజం మీద తల పెట్టుకున్నాను.

జగిత్యాల

వచ్చి నాలుగు నెలలైంది. రూతు అప్పుడప్పుడు ఫోను చేస్తుంది, లచ్చన్న వాళ్ళు బాగానే ఉన్నారట, నన్ను అడిగారట. పాఠం సవరించి ఇచ్చేశాను. నాయకత్వ లోపం అన్న జవాబు కొట్టేశాను. దాని బదులు ఏం రాయాలో తెలియక కింద ఖాళీ వదిలితే, పేజీ నిండలేదని వెనక్కి పంపారు.

అంజయ్య బోరు వేయించుకోగలిగాడా, లేక మళ్ళీ ఏ దేశానికైనా వీసా వెతుక్కుంటున్నాడా, తెలియదు. ఫోను నంబరుంది, చెయ్యలేదు. ఆయన ఊరు మా ఇంటికి పద్దెనిమిది కిలోమీటర్లు. ధర్మపురి బస్సులు రోజంతా ఉంటాయి, ఆడవాళ్ళకు ఛార్జీ కూడా లేదు. రెండుసార్లు బస్టాండుదాకా వెళ్ళాను. ఒకసారి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను కూడా, కండక్టరు వచ్చి ఎక్కడికమ్మా అని అడిగితే ఊరి పేరు చెప్పలేక దిగిపోయాను. సముద్రం దాటి అంత దూరం వెళ్ళి రాగలిగినదాన్ని, ఈ పద్దెనిమిది కిలోమీటర్లు మాత్రం ఇంకా వెళ్ళలేదు.